అప్‌డేట్: ఇంట్లో చేసిన ఫ్రైస్, నగ్గెట్స్ ఎట్టకేలకు పిల్లలు తింటున్నారు

బయట దొరికే ఫ్రెంచ్ ఫ్రైస్, నగ్గెట్స్‌కు అలవాటుపడిన నా పిల్లలకు వాటిని ఇంట్లోనే తక్కువ నూనెతో ఎలా చేయాలని ఆరు వారాల క్రితం అడిగాను. నేను చేసినవి మెత్తబడిపోతున్నాయనీ చెప్పాను.

మీరు సూచించినట్లు, తరిగిన బంగాళాదుంప ముక్కలను అరగంట చల్లటి నీటిలో నానబెట్టి, పొడి గుడ్డతో తడి పూర్తిగా తుడిచి, రెండు చెంచాల నూనె పట్టించి, ఒకదానికొకటి తగలకుండా పరచి, ఓవెన్‌లో 220 డిగ్రీల సెల్సియస్ వద్ద కాల్చినప్పుడు అవి చక్కగా కరకరలాడాయి. తడి తుడవకపోవడమే నా అసలు పొరపాటు. నానబెట్టడం వల్ల పైనున్న పిండిపదార్థం కొంత పోయి, అధిక వేడిలో ఏర్పడే యాక్రిలమైడ్ అనే, ఆరోగ్యానికి హానికరం కావచ్చని భావించే రసాయనం కూడా తగ్గుతుంది. రంగు ముదిరేకొద్దీ అది పెరుగుతుంది, అందుకే ముక్కలు ముదురు గోధుమ రంగుకు మారకముందే, బంగారు రంగులో ఉండగానే తీసేస్తున్నాను.

నగ్గెట్స్ కోసం కోడిమాంసం ముక్కలను గుడ్డు సొనలో ముంచి, ఓట్స్ పొడి అద్ది కాలుస్తున్నాను. లోపలి వేడి 74 డిగ్రీలకు చేరిందని థర్మామీటర్‌తో చూశాకే వడ్డిస్తున్నాను.

ఉప్పు ఒక్కసారిగా తగ్గించినప్పుడు చిన్నవాడు పళ్లెం పక్కకు నెట్టేశాడు, కానీ వారం వారం కొద్దికొద్దిగా తగ్గిస్తూ వస్తే తేడా గమనించలేదు. చక్కెర ఎక్కువగా ఉండే కెచప్ బదులు నేను ఉడికించిన టమాటా సాస్‌ను పెద్దమ్మాయి ఇష్టంగా తింటోంది. చిన్నవాడు ఇంకా ఒప్పుకోలేదు.