జన్యుమార్పిడి పత్తి ప్రయోగాల వివరాలు: సమాచార హక్కు దరఖాస్తు ఎక్కడ వేయాలి?

కర్నూలు జిల్లాలో జన్యుమార్పిడి పత్తి ప్రయోగ సాగుకు ఇచ్చిన అనుమతి పత్రం, పక్క చేలకు వదిలిన ఎడం, కోత తర్వాత మొక్కలను నాశనం చేసిన రికార్డు కావాలి. జన్యుమార్పిడి జీవులపై కేంద్రం తెచ్చిన 1989 నిబంధనల ప్రకారం వీటిపై నిఘా ఉంచే జిల్లా కమిటీకి కలెక్టరే అధ్యక్షుడు (అది చివరిసారి ఎప్పుడు కూర్చుందో, ఆ మినిట్స్ కూడా అడగాలి). పర్యావరణ అనుమతి మాత్రం ఢిల్లీలోని జీఈఏసీ (కేంద్ర పర్యావరణ శాఖ కింది జన్యుమార్పిడి మదింపు కమిటీ) చేతిలో ఉంటుంది. రెండు చోట్లా 10 రూపాయల దరఖాస్తు వేరుగా వేయాలా, సమాచార హక్కు చట్టం సెక్షన్ 6(3) కింద సంబంధిత కార్యాలయానికి బదిలీ చేస్తారని ఒక్కటే వేస్తే చాలా?

అసలు చిక్కు అదే చట్టంలోని సెక్షన్ 8(1)(డి), అంటే వ్యాపార రహస్యం అనే సాకు. విషప్రభావం, అలర్జీ పరీక్షల డేటా బయటపెట్టాలని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సంగతి దరఖాస్తులోనే రాయాలా, 30 రోజులు చూసి మొదటి అప్పీలులో ఎత్తాలా? సెక్షన్ 10 కింద రహస్యభాగం తీసేసి మిగతాది రాబట్టినవాళ్లుంటే, ఆ వాక్యం ఎలా రాశారో చెప్పగలరా?