అల్జీమర్స్‌లో మైటోకాండ్రియా చెడిపోవడం కారణమా, ఫలితమా?

ప్రశ్న

మా అమ్మకు రెండేళ్ల క్రితం అల్జీమర్స్ అని నిర్ధారణ అయింది. అప్పటి నుంచి ఈ జబ్బు గురించి దొరికినవన్నీ చదువుతున్నాను. మెదడులో పేరుకునే అమిలాయిడ్ ప్రోటీన్ ఫలకాలు, టౌ ప్రోటీన్ ముడులు అంటే ఏమిటో కొంత అర్థమైంది గానీ, ఈ మధ్య కణానికి శక్తిని తయారుచేసే భాగాలైన మైటోకాండ్రియా ప్రస్తావన తరచుగా కనిపిస్తోంది. అవి ముందే చెడిపోయి జబ్బుకు దారి తీస్తాయా, లేక జబ్బు వల్ల చెడిపోతాయా? పైగా మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే వస్తుందంటారు కనుక, ఈ జబ్బు నాకూ వస్తుందని అనుకోవాలా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు

శరీర బరువులో మెదడు సుమారు 2 శాతమే అయినా, మనం పీల్చే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే ఖర్చవుతుంది. నాడీకణాలు ఒకదానికొకటి సంకేతాలు అందించుకునే సినాప్స్‌ల దగ్గర ఏటీపీ (కణం శక్తిగా వాడుకునే అణువు) అవసరం చాలా ఎక్కువ కాబట్టి, మైటోకాండ్రియా కణం నడిబొడ్డు నుంచి పొడవైన తంతువుల వెంట ప్రయాణించి అక్కడికి చేరాలి. టౌ ప్రోటీన్ వికటిస్తే ఈ రవాణా కుంటుపడుతుంది. ఫలకాల్లో ఉండే ప్రోటీన్ అమిలాయిడ్ బీటా మైటోకాండ్రియా లోపలికే చేరి అక్కడి ఎంజైమ్‌లకు అడ్డుపడుతుందని కూడా పరిశోధకులు గుర్తించారు. అటువైపు, శక్తి తగ్గి ఫ్రీ రాడికల్స్ (కణానికి హాని చేసే చురుకైన అణువులు) పెరిగిన కణంలో అమిలాయిడ్ ఉత్పత్తి మరింత పెరుగుతుంది. ఒకటి రెండోదాన్ని పెంచుకుంటూ పోయే ఈ చక్రం ఎక్కడ మొదలైందో చెప్పడమే కష్టం.

రెండవ జవాబు

మొదలు ఎక్కడన్న ప్రశ్నకు నన్ను బాగా ఆలోచింపజేసిన ప్రయోగం ఒకటుంది. రక్తంలోని ప్లేట్‌లెట్లకు కేంద్రకం ఉండదు, మైటోకాండ్రియా మాత్రం ఉంటాయి. మైటోకాండ్రియా డీఎన్ఏను ముందుగా తొలగించిన కణాలను తీసుకుని, వాటితో అల్జీమర్స్ రోగుల ప్లేట్‌లెట్లను కలిపారు. కేంద్రకం అన్నిటిలోనూ ఒకే రకం కాబట్టి, కనిపించే తేడా రోగి మైటోకాండ్రియా డీఎన్ఏ నుంచే వచ్చి ఉండాలి. ఆ కణాల్లో శక్తి తయారీకి అవసరమైన సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అనే మైటోకాండ్రియా ఎంజైమ్ పనితీరు తగ్గింది, అమిలాయిడ్ బీటా పెరిగింది. ఇలాంటి ఆధారాలతోనే పరిశోధకులు స్వెర్డ్‌లో, ఖాన్ 2004లో, వృద్ధాప్యంలో వచ్చే అల్జీమర్స్‌కు మైటోకాండ్రియా క్షీణతే మొదటి మెట్టు అని ప్రతిపాదించారు.

అయితే కొన్ని ప్రయోగశాలల్లో ఇదే ఫలితం రాలేదు. అదీగాక, అమిలాయిడ్ తయారీతో సంబంధమున్న ఏపీపీ, ప్రిసెనిలిన్ జన్యువుల్లో మార్పుల వల్ల చిన్న వయసులోనే జబ్బు వచ్చే కుటుంబాల్లో అమిలాయిడే మొదటి కారణమని ఒప్పుకోక తప్పదు. ఏపీపీ జన్యువు ఉన్న 21వ క్రోమోజోమ్ మూడు ప్రతులుగా ఉండే డౌన్ సిండ్రోమ్‌లోనూ అమిలాయిడ్ త్వరగా పేరుకుంటుంది. కనుక ఒకే జబ్బు పేరు కింద రెండు దారులు ఉండవచ్చని నా అభిప్రాయం.

మూడవ జవాబు

మీ భయం గురించి రాస్తున్నాను. మైటోకాండ్రియా డీఎన్ఏలో ఉన్నవి 37 జన్యువులే, వాటిలో ప్రోటీన్లను తయారుచేసేవి 13. మైటోకాండ్రియాకు కావలసిన మిగతా వెయ్యికి పైగా ప్రోటీన్ల సమాచారం కేంద్రకంలోని డీఎన్ఏలోనే ఉంటుంది, అది తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తుంది. వృద్ధాప్యపు అల్జీమర్స్‌లో అందరికీ తెలిసిన అతి బలమైన జన్యు కారకం ఏపీఓఈ4 కూడా అలాంటిదే. తల్లికి ఈ జబ్బు ఉన్నవారి మెదడులో గ్లూకోజ్ వినియోగం కొంత తక్కువగా కనిపించిందని పెట్ స్కాన్ అధ్యయనాలు చెప్పిన మాట నిజమే గానీ, అలా కనిపించిన ప్రతివారికీ జబ్బు వస్తుందని వాటి అర్థం కాదు.

ఇంకొక మాట. మైటోకాండ్రియాకు మేలు చేస్తాయంటూ అమ్మే మాత్రలను అమ్మగారికి సొంతంగా మొదలుపెట్టకండి. 2012లో ప్రచురితమైన ఒక పరీక్షలో విటమిన్ ఇ, విటమిన్ సి, ఆల్ఫా లిపోయిక్ ఆమ్లం కలిపి తీసుకున్న రోగుల్లో జ్ఞాపకశక్తి, ఆలోచనల స్కోరు మరింత వేగంగా పడిపోయింది. అదే పరీక్షలో, మైటోకాండ్రియాలో శక్తి తయారీకి తోడ్పడే కోఎంజైమ్ క్యూ తీసుకున్నవారి వెన్నుద్రవంలో అమిలాయిడ్, టౌ స్థాయులు మారలేదు. ఏది ఇవ్వాలన్నా ముందు ఆమెను చూస్తున్న న్యూరాలజిస్టును అడగండి.