పై ఫ్లాట్‌లో భార్యను కొడుతుంటే పక్కవాళ్లు ఏం చేయాలి?

ఉప్పల్_వాసి: పై ఫ్లాట్‌లో ఒకాయన రాత్రిళ్లు భార్యను కొడుతున్నాడు. అసోసియేషన్‌లో అడిగితే "మొగుడూ పెళ్లాల గొడవ, మనకెందుకు" అంటున్నారు. ఫిర్యాదు చేస్తే మన మీదికే వస్తుందా?

న్యాయసాయం_హైద్: రాదండీ. 2005 గృహహింస చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఎవరైనా రక్షణాధికారికి (ఈ చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారి) సమాచారం ఇవ్వొచ్చు. సదుద్దేశంతో చెప్పినవాళ్లకు సివిల్, క్రిమినల్ బాధ్యత ఏదీ ఉండదు. దెబ్బలు పడుతున్నప్పుడైతే 112కి చేయండి. "గొడవగా ఉంది" అనకండి. "ఇప్పుడే కొడుతున్నాడు, ఆమె అరుస్తోంది, లోపల పిల్లలున్నారు" అని చెప్పి బ్లాకు, అంతస్తు, ఫ్లాట్ నంబరు ఇవ్వండి. తర్వాత కిందికి దిగి గేటు దగ్గరే నిలబడండి. బెడిసికొట్టేది ఇక్కడే: వాచ్‌మన్ "ఏం లేదు సార్" అంటే పోలీసు బండి వెనక్కి తిరుగుతుంది, ఆమె అతని చేతిలోనే మిగిలిపోతుంది.

నాలుగో_అంతస్తు: గుంపుగా వెళ్లి అతన్ని నిలదీయొద్దు. తలుపు మూశాక ఆ కోపమంతా ఆమె మీదే తీర్చుకుంటాడు. వీడియో తీసి గ్రూపులో పెట్టడం ఇంకా ఘోరం, దయచేసి ఆ పని చేయకండి. అప్పటికప్పుడు ఆపాలంటే ఇద్దరు వెళ్లి బెల్ కొట్టి "మీ బాత్రూమ్ నుంచి మా ఇంట్లోకి నీళ్లు కారుతున్నాయి" అనండి, చెయ్యి ఆగుతుంది. అతను లేనప్పుడు మీ ఇంటి ఆడవాళ్లెవరైనా వెళ్లి మహిళా హెల్ప్‌లైన్ 181 గురించి ఆమెకు చెప్పాలి. నంబరు ఫోన్‌లో సేవ్ చేయొద్దు, గుర్తుపెట్టుకోమనండి. ఆధార్, పాస్‌బుక్, పిల్లల బర్త్ సర్టిఫికెట్ల జిరాక్సులు మీ దగ్గర దాచండి. దెబ్బలు తగిలితే ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు, అంటే గాయాల వివరాలు పోలీసు కేసుకు పనికొచ్చేలా రాసే రికార్డు) రాయించాలి. "మెట్ల మీద జారిపడ్డా" అని రాయిస్తే రేపు కోర్టులో అదే అడ్డమవుతుంది.

ఉప్పల్_వాసి: ఆమె కేసు వద్దంటే?

న్యాయసాయం_హైద్: బలవంతపెట్టొద్దు. భర్త క్రూరత్వానికి వర్తించే బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 85వ సెక్షన్ కింద మన ఫిర్యాదు చాలదు కూడా, ఆమె గానీ ఆమె బంధువులు గానీ చెప్పాలి. అందుకే పుట్టింటివాళ్ల నంబరు అడిగి ఉంచుకోండి. మొగుణ్ణి జైలుకు పంపడం ఇష్టం లేకపోతే గృహహింస చట్టం 12వ సెక్షన్ ఉంది. ఎఫ్ఐఆర్ లేకుండానే మెజిస్ట్రేట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. కొట్టకూడదనీ, ఇంట్లోంచి వెళ్లగొట్టకూడదనీ ఉత్తర్వు వస్తుంది. రక్షణ ఉత్తర్వు దాటితే ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే పోలీసులు నడిపే భరోసా సెంటర్‌లో కౌన్సెలింగ్, న్యాయసలహా ఒకేచోట దొరుకుతాయి.

ఆమె కేసు వద్దంది కదా అని, మళ్లీ అరుపులు వినిపించిన రాత్రి 112కి చేయడం మాత్రం మానకండి. పిల్లల మీద చెయ్యి పడితే ఆమె ఒప్పుకునేదాకా కూడా ఆగొద్దు, వెంటనే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి చేయండి.