స్క్వాట్‌కి కాళ్ళు ఎడంగా పెడితే డెడ్‌లిఫ్ట్ కూడా సుమోయే లాగాలా?

నెల్లిమర్ల కుర్రాడు:
అందరికీ నమస్కారం. పవర్ లిఫ్టింగ్‌లో 74 కేజీల కేటగిరీ, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. ట్రైనింగ్‌లో స్క్వాట్ (బార్ వీపు మీద పెట్టుకుని కూర్చుని లేవడం) 150, డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ని నిలబడేదాకా లాగడం) 180 కేజీలు వస్తున్నాయి. మొన్నటి పోటీలో స్క్వాట్ 135 పాసయింది. 142.5 రెండుసార్లు ఎత్తాను, రెండుసార్లూ డెప్త్ రాలేదని, అంటే చాలినంత కిందికి దిగలేదని, జడ్జీల రెడ్ లైట్లు. బరువుకి ఆగిపోయి ఉంటే బాధ ఉండేది కాదు, హాయిగా లేచాను కూడా.

జిమ్‌లో చెరో మాట చెప్తున్నారు. మాస్టారు పాత వెయిట్ లిఫ్టర్. కాళ్ళు దగ్గరికి పెట్టు, మడమ ఎత్తున్న షూ వేసుకో, నిటారుగా కూర్చో అంటారు. సీనియర్ అన్నయ్యేమో "నీది ఎడం స్క్వాట్ కదా, డెడ్‌లిఫ్ట్ కూడా సుమోకి మార్చేయ్. రెండిటికీ ఒకటే స్టాన్స్ (కాళ్ళు పెట్టే తీరు) అయితే దీని బలం దానికి పనికొస్తుంది" అంటున్నాడు. సుమో అంటే కాళ్ళు బాగా ఎడంగా పెట్టి, చేతులు వాటి మధ్య నుంచి బార్ పట్టడం. నేను లాగేది కన్వెన్షనల్, కాళ్ళు దగ్గరగా, చేతులు వాటి బయట. పైగా అది లాగిన మర్నాడు నడుం పట్టేస్తోంది. ఏటి చెయ్యమంటారు?

ఆమదాలవలస ప్యాసింజర్:
సుమో కూడా ఒక లిఫ్టేనా తమ్ముడూ. బార్ కదిలే లోపే అయిపోద్ది 😀

మిల్లు మాస్టారు (శ్రీకాకుళం):
ప్యాసింజర్ గారూ, రూల్ బుక్‌లో రెండూ డెడ్‌లిఫ్ట్‌లే. బార్ పైకి వెళ్ళే దూరం తగ్గుతుంది, నిజమే. నేల మీంచి కదిలించడం ఎంత కష్టమో ఒకసారి లాగి చూసి చెప్పండి.

తమ్ముడూ, రెండిటికీ ఒకటే స్టాన్స్ అన్న మాట ముందు పక్కన పెట్టు. స్క్వాట్‌లో ఎంత కిందికి దిగాలో రూలు చెబుతుంది: తుంటి మడత దగ్గర తొడ పైభాగం మోకాలి పైభాగం కన్నా కిందికి పోవాలి. డెడ్‌లిఫ్ట్‌లో ఎంత వంగాలో బార్‌కి తగిలించే ప్లేటు చెబుతుంది. పోటీ ప్లేటు అడ్డకొలత 45 సెంటీమీటర్లు, అంటే బార్ నేలకి 22.5 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. దాన్ని అందుకోడానికి సుమోలో అయినా తుంటి మోకాలికి పైనే ఉండిపోతుంది. అందుకే సుమోలో ప్లేట్ల దాకా కాళ్ళు ఎడం చేసేవాడు అదే ఎడంతో స్క్వాట్ కూర్చోమంటే సగంలో ఆగిపోతాడు.

కారణం తుంటి కీలులో ఉంది. గిన్నెలో బంతి లాంటి కీలు అది. కాళ్ళ ఎడం పెరిగే కొద్దీ, కిందికి దిగే కొద్దీ, తొడ ఎముక మెడ ఆ గిన్నె అంచుకి తగులుతుంది. ఆ అంచు ఒక్కో మనిషికి ఒక్కోచోట ఉంటుంది. తగిలాక ఒకడు అక్కడే ఆగిపోతాడు, ఇంకొకడు నడుం చుట్టుకుని ఇంకాస్త దిగుతాడు. నీ రెడ్ లైట్లు చూస్తే నువ్వు ఆగిపోయే రకంలా ఉన్నావు.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకో. చాప మీద మోకాళ్ళు, చేతులు ఆనించి, పిల్లల గుర్రం ఆటలో గుర్రంలా ఉండు. పిరుదుల్ని మెల్లగా మడమల వైపు జరుపు. పక్కనుంచి ఎవరినైనా చూడమను, నడుం ఎక్కడ గుండ్రంగా చుట్టుకుంటుందో చెబుతారు. మోకాళ్ళ ఎడం మార్చి మార్చి నాలుగుసార్లు చెయ్యి. ఏ ఎడంలో నడుం కదలకుండా ఎక్కువ వెనక్కి పోతావో, నీ స్క్వాట్ ఎడం దానికి అటూ ఇటూగానే ఉంటుంది.

మీ మాస్టారు చెప్పింది తప్పు కాదు, ఆయన ఆట వేరు. మన వైపు జిమ్ మాస్టార్లలో చాలామంది వెయిట్ లిఫ్టింగ్ నుంచే వచ్చారు. కరణం మల్లీశ్వరి గారి ఊసవానిపేట ఇటుంది, లిఫ్టర్ల ఊరు కొండవెలగాడ అటుంది, ఇంకేం కావాలి? 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆవిడ ఎత్తిన 110, 130 కేజీలు స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్, రెండూ బార్‌ని తలపైకి ఎత్తేవే. ఆ ఆటలో స్క్వాట్‌కి విడిగా మార్కుల్లేవు. ఎత్తిన బార్ కింద నిటారుగా కూర్చుని లేవడానికి దాన్ని సాధన చేస్తారు, అందుకే దగ్గర కాళ్ళు, మడమ షూ. మనం బార్‌ని కాస్త దింపి వీపు మీద పెట్టుకుని, ముందుకి వంగి కూడా కూర్చోవచ్చు. కాబట్టి కాళ్ళు మరీ దగ్గరికొద్దు. ఒక్కో వైపు రెండు వేళ్ళ మందం లోపలికి తెచ్చి, 100 కేజీలతో మొదలుపెట్టు. వీడియో పక్కనుంచి, తుంటి ఎత్తులో తియ్యాలి. నేల మీద ఆనించిన ఫోనూ, పై నుంచి పట్టుకున్న ఫోనూ రెండూ అబద్ధమే చెబుతాయి.

ఇక డెడ్‌లిఫ్ట్. మిల్లులో కలాసీ నేల మీది బస్తాని ఎలాగ ఎత్తుతాడో చూశావా? కాళ్ళు బస్తాకి అటూ ఇటూ వేసి, దాన్ని పొట్టకి హత్తుకుని లేస్తాడు. సుమోలోని కిటుకు అదే. మొండెం నిటారుగా ఉంటుంది, తుంటి బార్‌కి దగ్గరవుతుంది, నడుం మీద పడే వాటా తగ్గి తొడల మీదికి పోతుంది. అయినా నడుం పట్టేసిందని వెంటనే మారిపోకు. ముందు ఈ రెండూ చెప్పు: లాగే ముందు బార్ పాదం నడిమధ్య పైన ఉంటోందా, వేళ్ళ వైపుందా? మీ జిమ్‌లో పెద్ద ప్లేటు అడ్డకొలత ఎంత? కాల్లోకి తిమ్మిరి గానీ పాకుతుంటే ఇవేమీ వద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళు.

నెల్లిమర్ల కుర్రాడు:
తిమ్మిరి లేదు మాస్టారూ. టేపు పెట్టి కొలిచాను. మా 20 కేజీల ఇనప ప్లేటు 38 సెంటీమీటర్లే! బార్ కూడా వేళ్ళ వైపే పెడుతున్నాను, కాలికి గీసుకుపోతుందని భయం.

మిల్లు మాస్టారు (శ్రీకాకుళం):
దొరికింది. 38 అంటే బార్ 19 సెంటీమీటర్ల ఎత్తునే ఉంది. పోటీలో కన్నా మూడున్నర సెంటీమీటర్లు కింద నుంచి, అదీ బార్‌ని ఒంటికి దూరంగా పెట్టి లాగుతున్నావు. నడుం పట్టెయ్యదా మరి? ప్లేట్ల కింద మూడున్నర సెంటీమీటర్ల మందం చెక్కలు వెయ్యి. వడ్రంగి దగ్గర ముక్కలు అడిగితే ఊరికే ఇస్తాడు. బార్‌కీ ముంగాలికీ మధ్య అంగుళం చాలు. గీసుకుపోతుందంటే పొడుగు మేజోళ్ళు వేసుకో, పోటీలో అవి ఎలాగూ వేసుకోవాలి.

పార్వతీపురం అక్క:
మాస్టారి మాటకి ఒకటి కలుపుతాను. సుమో అనగానే అందరూ కాళ్ళు ప్లేట్ల దాకా లాగేస్తారు. నేనూ అలాగే చేసి మూడు నెలలు తుంటి ముందు భాగంలో సూదితో పొడిచినట్టు నొప్పి పడ్డాను. గజ్జల్లో కండ లాగడం వేరు, అది కొత్తలో అందరికీ ఉంటుంది, తగ్గుతుంది. ఈ పొడుపు మాత్రం తగ్గదు, కాళ్ళ ఎడం తగ్గించాలి. నేను చెరో వైపు బెత్తెడు లోపలికి వచ్చాక పోయింది. ఎదురుగా నిలబడి చూస్తే ముంగాలు నిటారుగా కనిపించాలి, మోకాలు పాదం వేళ్ళు చూసే వైపే పోవాలి. మోకాలు లోపలికి పడిపోతుంటే నీ తుంటికి అంత ఎడం చేతకాదన్నమాట.

చేతులు పొడుగున్నవాళ్ళకి కన్వెన్షనల్ సుఖం. నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే నీ వేళ్ళు ఎక్కడిదాకా వస్తున్నాయి తమ్ముడూ? నావి తొడ సగం దగ్గరే ఆగిపోతాయి, అందుకే సుమోకి వచ్చాను. స్క్వాట్ మాత్రం భుజాల కన్నా కొంచెమే ఎడం. రెండూ వేరువేరుగా పెట్టుకున్నందుకు నాకు పోయిందేమీ లేదు.

నెల్లిమర్ల కుర్రాడు:
నా వేళ్ళు మోకాలికి నాలుగు వేళ్ళ పైదాకా వస్తున్నాయక్కా.

పార్వతీపురం అక్క:
అయితే కన్వెన్షనల్ వదలకు. సరదాగా ఉంటే వారానికొకసారి తేలిక బరువుతో సుమో లాగు. మాస్టారు ఒప్పుకోరేమో గానీ, పోటీకి ఎనిమిది వారాల ముందు మాత్రం ఒకటే ఉంచుకో.

మిల్లు మాస్టారు (శ్రీకాకుళం):
ఎనిమిది ఎందుకమ్మా, నాలుగు చాలు. మిగతాదంతా ఒప్పుకున్నాను.

నెల్లిమర్ల కుర్రాడు (ఆరు వారాల తర్వాత):
సిరిమాను పండగ హడావుడిలో రాయడం ఆలస్యమైంది, క్షమించాలి. గుర్రం పరీక్ష మా చెల్లి చూసింది, నవ్వి నవ్వి చచ్చింది గానీ చెప్పింది మాత్రం సరిగ్గానే ఉంది. స్క్వాట్ ఎడం చెరో వైపు మూడు వేళ్ళు తగ్గించాను. మొదటి రెండు వారాలు 120 కూడా బరువుగా ఉండేది. ఇప్పుడు 145 డెప్త్‌తో వస్తోంది, వీడియోలో తేడా తెలుస్తోంది. షూ మార్చలేదు, మా జిమ్ మాస్టారు కొంచెం అలిగారు. చెక్కల మీద కన్వెన్షనల్ 175 లాగాను, మర్నాడు నడుం బాగానే ఉంది.

సుమో 130 దగ్గరే నేలకి అతుక్కుపోయినట్టుంటోంది. కదిలిందంటే మాత్రం పైకి ఊరికే వచ్చేస్తోంది. నేనేమైనా తప్పు చేస్తున్నానా?

మిల్లు మాస్టారు (శ్రీకాకుళం):
తప్పు కాదు, సుమో ఉండేదే అలాగ. కన్వెన్షనల్ చాలామందికి నేల మీంచి చురుగ్గా లేచి మోకాళ్ళ దగ్గర బరువెక్కుతుంది, సుమోకి కష్టమంతా మొదట్లోనే. బార్‌ని ఒక్కసారిగా గుంజకు. చేతులు బిగిసి, బార్ లోపల చిన్న టక్‌మన్న చప్పుడు వినిపించేదాకా లాగి పట్టి, అప్పుడు నేలని కాళ్ళతో చెరో వైపూ తొక్కు.

పార్వతీపురం అక్క:
ఇంకొకటి, ఇది మర్చిపోకు. చెక్కల మీద సుద్దముక్కతో ప్లేటు దిగే చోటు గీసుకో. బొటనవేలు ఆ గీతకి బెత్తెడు లోపలే ఉండాలి. బార్ దించేటప్పుడు ఎవరూ కాళ్ళ వైపు చూడరు. నా కుడికాలి గోరు నల్లబడి ఊడిపోయి మళ్ళీ రావడానికి ఏడాది పట్టింది.

నెల్లిమర్ల కుర్రాడు:
ఇప్పుడే షూ తిప్పి చూశానక్కా. ఎడమదాని ముందు రబ్బరు అప్పుడే నలిగి ఉంది. రేపు సుద్దముక్క పట్టుకునే వెళ్తాను.