గ్రాహక నిరోధకమా, అవరోధకమా?

అరసున్న: లోసార్టాన్ జాతి బీపీ మందులకు ఒక తెలుగు పేరు నోట్లో ఆడుతోంది, పూర్తిగా రావడం లేదు. "యాంజియోటెన్సిన్ గ్రాహక ...రోధకాలు". యాంజియోటెన్సిన్ అంటే రక్తనాళాలను బిగించే హార్మోను, గ్రాహకం అంటే కణం మీద అది తగులుకునే చోటు (రిసెప్టర్). ముందున్నది ని, అవ, ప్రతి, వీటిలో ఏది?

శకటరేఫ: ప్రతి కాదు, ప్రతిరోధకాలంటే యాంటీబాడీలు. "నిరోధకం" ఎనలాప్రిల్ లాంటివాటికి వదిలేయాలి. పది అమైనో ఆమ్లాల యాంజియోటెన్సిన్ 1ను ఎనిమిదింటి యాంజియోటెన్సిన్ 2గా కత్తిరించే ఎంజైమును అవి ఆపుతాయి. లోసార్టాన్ కత్తిరింపు జోలికి పోదు. తయారైన హార్మోను ఏటీ1 గ్రాహకాన్ని చేరకుండా అడ్డం కూర్చుంటుంది. అది అవరోధమే. రెంటికీ ఒకే మాటైతే పొడిదగ్గు సంగతి ఎలా చెబుతారు? ఆ ఎంజైమే ఒంట్లో తయారయ్యే మరో పదార్థం బ్రాడికైనిన్‌నూ విరగ్గొడుతుంది. దాన్ని ఆపితే బ్రాడికైనిన్ పేరుకుని దగ్గొస్తుంది. గ్రాహకాన్ని మూసేవాటితో ఆ బెడద తక్కువ.

విసర్గ: ఒప్పుకోను. అవరోధాన్ని దాటిపోవచ్చు. లోసార్టాన్ దాకా సరే, హార్మోను పెరిగితే దాన్ని నెట్టేస్తుంది. క్యాండెసార్టాన్ పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. హార్మోను ఎంత పోసినా పూర్తి స్పందన రాదు. అది నిరోధం.

శకటరేఫ: పట్టు గట్టిదనం వేరు, పట్టే చోటు వేరు. పేరు చోటును బట్టి పెట్టాలి.

పొల్లు: నాకు "గ్రాహకం" దగ్గరే పేచీ. ప్రాణాలుండే చోటుకు పోతన "ఠావుల్ దప్పెను" అన్నాడు. హార్మోను చేరే చోటు ఠావు కాదా?

విసర్గ: అక్కడ "తావుల్" కదండీ?

పొల్లు: కుదరదు. శార్దూలానికి యతి 13వ అక్షరం, ఆ పాదంలో అక్కడున్నది "డస్సెన్"లోని డకారం. ఠా-డ చెల్లుతుంది, తా-డ చెల్లదు. ప్రాస వకారం కాబట్టి దానివల్ల ఏమీ తేలదు. "ప్రాణంబులున్" దగ్గర పాదం ఆపి, "ఠావుల్ దప్పెను"ను కింది పాదంలోకి దించాడు చూడండి, ఏనుగు ఊపిరి తెగడం వినిపిస్తుంది. అది పోతనకే చెల్లు.

అరసున్న: మరి ఇంకో బీపీ మందు స్పైరనోలాక్టోన్? ఒంట్లో ఉప్పును నిలిపే హార్మోను ఆల్డోస్టిరోన్ ఠావుతో ఆగక ఆండ్రోజెన్ (మగ హార్మోను) ఠావులోనూ దూరుతుంది, మగవాళ్లలో రొమ్ములు పెరిగేది అందుకే. దాని జాతిదే అయిన ఎప్లెరినోన్‌కు ఆ చపలత్వం బాగా తక్కువ. అయినా మూడు మందులకు లొంగని బీపీకి 25–50 మి.గ్రా. స్పైరనోలాక్టోన్ బైసోప్రొలాల్, డాక్సజోసిన్‌ల కన్నా మెరుగని 2015లో పాత్‌వే-2 అధ్యయనం తేల్చింది.

శకటరేఫ: ఏ పేరైనా పెట్టండి, పక్కనే హెచ్చరిక ఉండాలి. మొదలుపెట్టిన 1–2 వారాల్లో, మోతాదు పెంచినప్పుడల్లా రక్తంలో పొటాషియం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. ఏటీ1 మందులు గర్భిణులకు పనికిరావు, పిండం మూత్రపిండాలు దెబ్బతింటాయి. పేర్లు వేరు కాబట్టి ఎంజైమును ఆపేవీ, గ్రాహకాన్ని మూసేవీ కలిపి వాడొచ్చనుకుంటారేమో: 2008లో వచ్చిన అధ్యయనం ఆన్‌టార్గెట్‌లో రామిప్రిల్, టెల్మిసార్టాన్ కలిపితే లాభం పెరగలేదు, మూత్రపిండాల ఇబ్బందులే పెరిగాయి.

విసర్గ: "ఠావవరోధకం" మాత్రం తెలుగు మాటకు సంస్కృతం అతికించిన వైరి సమాసం, ఒప్పను.

పొల్లు: అయితే "ఠావుమూత" అనండి. క్యాండెసార్టాన్‌కూ సరిపోతుంది.

విసర్గ: లోసార్టాన్‌కు సరిపోదు. హార్మోను నెడితే తెరుచుకునేదాన్ని మూత అనరు.