క్షితి"తలం" అంటే పైనా, అడుగునా?

ఒక ముక్క నాలుక చివర ఆడుతోంది: "...నిధిశంకయా క్షితితలం". నిధి ఉందేమోనని నేల తవ్వాను, చివరికి గవ్వ కూడా దక్కలేదు అని సాగుతుంది. మొదటి మాట ఎంతకీ తట్టడం లేదు. పైగా ఇక్కడ తలం అంటే నేల పైభాగమా, లోతా? ఎంతవరకు తవ్వాడు పాపం?

— ఉత్ఖాతం. భర్తృహరి, వైరాగ్యశతకం. "ఉత్ఖాతం నిధిశంకయా క్షితితలం ధ్మాతా గిరేర్ధాతవః". తలం పైభాగమే. భూతలం అనడం లేదూ?

— "ధాతవో" అనండి మాస్టారూ, వెనకే "నిస్తీర్ణః" ఉంది. ఇక తలం అంటే అడుగు. పాదతలం అరికాలే కదా! రసాతలం ఎటుందో చెప్పాలా?

— అమరకోశం, అదే సంస్కృత నిఘంటువు, తీస్తే సరి. "అధఃస్వరూపయోరస్త్రీ తలమ్". అడుగు ఒక అర్థం, స్వరూపం ఇంకోటి. ఇక్కడ రెండోదే. క్షితితలం అంటే ఉత్త క్షితి, నేల అంతే. లోతు ప్రసక్తే లేదు.

— ఉత్తదైతే ఎందుకు వేశాడండీ? నా అనుమానం: ఈ శ్లోకం ఛందస్సు శార్దూలం, అందులో పన్నెండో అక్షరం దగ్గర విరామం, అక్కడ గురువు పడాలి. "తలం" దిగ్గొట్టినట్టు కూర్చుంది.

— భర్తృహరి చేత పాదపూరణ చేయిస్తున్నారా! బాగుంది.

— నేను మట్టి పరీక్షలు చేసే మనిషిని, వ్యాకరణం మీకే వదిలేస్తా. మెటల్ డిటెక్టర్ పట్టుకున్నవాడికైతే తలం పైపొరే. చేతి యంత్రానికి నాణెం మంచి నేలలో 20, 30 సెంటీమీటర్ల దాకా అందుతుంది. కాయిల్ పంపే అయస్కాంత క్షేత్రం దూరం పెరిగేకొద్దీ ఆ దూరపు ఘనం (మూడో ఘాతం) లెక్కన తగ్గుతుంది, నాణెంలో పుట్టిన సుడి విద్యుత్తు తిరిగి పంపేదీ అంతే. కాయిల్ వెడల్పు దాటిన లోతులో ఆ లోతు రెట్టింపైతే చప్పుడు 64వ వంతుకి పడిపోతుంది. పెద్ద లోహపాత్రైతే ఇంకాస్త కిందినుంచీ పలుకుతుంది.

— లోతున మట్టి బిగిసి ఉంటుంది కదా, అందుకే అందదేమో?

— బిగువుతో దానికి పెద్దగా పని లేదు. చిక్కంతా ఇనుప ఖనిజాలతో, ఉప్పు తేమతో. మాగ్నటైట్ ఉన్న ఎర్రమట్టిలో ఏమీ లేకుండానే కూస్తుంది. అసలు నిధిశంక అంటే అదే! సాంద్రత పనికొచ్చేది ఊచ దించేవాడికి. ఒకసారి తవ్వి పూడ్చిన చోట మట్టి చాలాకాలం వదులుగా ఉంటుంది, ఊచ జారిపోతుంది.

— మరి పైనున్న బరువుకి పాత్ర నలగదా?

— మీటరు లోతుకి సుమారు 18 కిలోపాస్కల్ చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. నాణేనికి అదొక లెక్క కాదు. ఖాళీ పాత్రకే ఇబ్బంది. నీరు అన్నివైపులా సమానంగా నొక్కుతుంది, మట్టి అలా కాదు. పక్కలనుంచి వచ్చేది తరచు పైదాంట్లో సగమే. అందుకే మూత ముందు కుంగుతుంది.

— శ్లోకం సంగతి చూడండయ్యా. గవ్వ సున్నపు పదార్థం, మీ యంత్రానికి అసలు పలకదు. చివరి పాదంలో వచ్చే "కాణవరాటకం" గుడ్డిగవ్వా, చిల్లిగవ్వా?

— కాణ అంటే ఒంటికన్ను. గుడ్డిగవ్వే. చిల్లి ఉంటే దారానికి గుచ్చుకోవచ్చు, దానికి విలువెందుకు తగ్గుతుంది?

— తగ్గకపోతే "చేతిలో చిల్లిగవ్వ లేదు" అని ఎందుకంటాం?

— గవ్వకి వేరే పోస్టు పెట్టుకోండి. అధః అర్థానికి నా సాక్ష్యం పోతన. వామనుడు బలిని ఎక్కడికి పంపాడు?

— పాతాళానికి.

— సినిమా చూసి చెప్పకండి. సుతలానికి. కింది ఏడు లోకాల్లో అది మూడోది. భాగవతం అష్టమస్కంధం తీయండి.

— తీశాను. సుతలంలో తలం అడుగైతే, "సు" ఎందుకు? మంచి అడుగా?

— మంచి చోటు. మళ్లీ స్వరూపార్థానికే వచ్చారు!