కుట్లు ఒకే పొర, గాయం నిండా ఇసుక: 12002నా, 12032నా?

ఈడీ_చార్టులు
అమెరికా ఎమర్జెన్సీ వార్డు చార్టు, బిల్లుకి కోడ్ వేయాలి. బైక్ మీంచి పడ్డ పేషెంట్, కుడి ముంజేతి మీద 4 సెం.మీ. గాయం. ప్రొసీజర్ నోట్‌లో ఉన్నది ఇంతే: "500 మి.లీ. సెలైన్‌తో కడిగి, 4-0 నైలాన్‌తో 7 కుట్లు వేశాం." హిస్టరీలో మాత్రం "గాయంలో ఇసుక, కంకర" అని ఉంది. ఈ కుట్ల పనికి సింపుల్ రిపేర్ కోడ్ (12002) వేయాలా, అంతకంటే పెద్ద పనికి వేసే ఇంటర్మీడియట్ కోడ్ (12032) వేయాలా?

ముప్పైరెండు
12032 అండీ, సందేహమే అక్కర్లేదు. లోపలి పొర కుడితేనే ఇంటర్మీడియట్ అనుకోవడం సగం చదివిన మాట. బాగా మట్టి పట్టిన గాయాన్ని ఎక్కువసేపు శుభ్రం చేయాల్సి వచ్చినా, లోపలి రేణువులు తీయాల్సి వచ్చినా, ఒకే పొర కుట్టినా ఇంటర్మీడియటే అని సీపీటీ (అమెరికా వైద్య బిల్లు కోడ్ల జాబితా) గైడ్‌లైన్‌లోనే ఉంది. హిస్టరీ కూడా రికార్డులో భాగమే కదా.

ఆడిట్_బల్ల
గైడ్‌లైన్ సరే. కానీ అందులో షరతులు రెండు. మట్టి ఉండాలి, దాన్ని తీసే పని జరగాలి. హిస్టరీ మొదటిదాన్నే చూపిస్తుంది. నీళ్లతో కడగడం ఏ గాయానికైనా చేసేదే, అది సింపుల్ రిపేర్‌లోనే కలిసిపోయింది. "కంకర ముక్కలు ఫోర్‌సెప్స్‌తో ఏరి, మిగిలిన ఇసుక బ్రష్‌తో రుద్ది తీశాం" అనే ఒక్క వాక్యం ఉంటే నేనూ 12032 అనేదాన్ని. ఈ నోట్‌కి 12002 దాటదు.

ముప్పైరెండు
అర లీటరు తక్కువేం కాదు మేడమ్.

ఆడిట్_బల్ల
ఇన్ని మి.లీ. దాటితే ఇంటర్మీడియట్ అని సీపీటీలో ఎక్కడా లేదు. లీటర్లు లెక్కపెట్టి కోడ్ ఎక్కిస్తే ఆడిట్‌లో నిలవదు. ఇంకోటి, అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్‌లో సింపుల్‌కి గ్లోబల్ పీరియడ్ (తర్వాతి విజిట్లు కూడా అదే ఫీజులో కలిసిపోయే గడువు) 0 రోజులు, ఇంటర్మీడియట్‌కి 10. అంటే కుట్టిన డాక్టరే ఎనిమిదో రోజు కుట్లు విప్పితే, ఆ విజిట్‌కి వేరే బిల్లు రాదు. తప్పు కోడ్ వేస్తే దాని వెనకాల ఇదీ తారుమారవుతుంది.

డెర్మ్_కోడింగ్
దీనికి అటువైపు తప్పు కూడా చూస్తుంటాం. సామాను జాబితాలో 3-0 వైక్రిల్ (లోపలే కరిగిపోయే కుట్టు దారం), 4-0 నైలాన్ రెండూ కనపడగానే "రెండు పొరలు" అని తేల్చేస్తారు. దారాలు రెండైతే పొరలు రెండు కావు. చర్మం కింది కొవ్వు పొరనో, పైఫేషియానో (చర్మం కింద ఉండే పలచటి పొర) కుట్టామని డాక్టరే రాయాలి.

సీపీసీ_తయారీ
అదే పేషెంట్‌కి అరచేతి మీద 3 సెం.మీ. శుభ్రమైన గాయం, ఒకే పొర కుట్లు కూడా ఉంటే? 4+3 కలిపి 7 అనుకోవచ్చా?

డెర్మ్_కోడింగ్
కోడింగ్ పరీక్షలో జనం బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. రెండూ సింపుల్ అయితే కలపాలి, ఎందుకంటే సింపుల్‌లో చేయి, ముంజేయి ఒకే గుంపు. 7 సెం.మీ. అంటే 2.6–7.5 మధ్య, ఒక్క 12002 చాలు. ముంజేయి ఇంటర్మీడియట్, అరచెయ్యి సింపుల్ అయితే రకాలు వేరు, కలపకూడదు: 12032, దాని కింద 12002కి 59 మాడిఫైయర్ (ఇది విడిగా చేసిన పని అని చెప్పే గుర్తు). రెండూ ఇంటర్మీడియట్ అయినా కలవవు, ఎందుకంటే ఇంటర్మీడియట్‌లో అరచేతులు, పాదాలు మెడతో కలిసి 12041 వరసలోకి వెళ్లిపోతాయి. అప్పుడు 12032, 12042 విడివిడిగా వేయాలి. 

ముప్పైరెండు
సరే, ఈ నోట్‌కి 12032 నిలవదని ఒప్పుకుంటా. కానీ డాక్టర్ నిజంగా కంకర ఏరి ఉంటే, రాయని పాపానికి పని విలువ పోవాలా?

ఆడిట్_బల్ల
అందుకే డాక్టర్‌కి క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పంపాలి. "ఇంటర్మీడియట్ అని రాస్తారా" అని అడిగితే జవాబు మనమే అందించినట్టు, అది చెల్లదు. ఇలా అడగండి: "హిస్టరీలో ఇసుక, కంకర ప్రస్తావన ఉంది. గాయాన్ని శుభ్రం చేసిన విధానం, తీసిన పదార్థం ఏమైనా ఉంటే, దయచేసి వివరించండి." కంకర, ఇసుక తీశామని డాక్టర్ తేదీ వేసి అడెండమ్ (నోట్‌కి చేర్పు) రాస్తే 12032. జవాబు రాకపోతే 12002తో పంపేయండి.

ఈడీ_చార్టులు
క్వెరీ పంపుతున్నా. అప్పటిదాకా క్లెయిమ్ హోల్డ్‌లో పెట్టాను.